చదవనివి: 1000+

గూగుల్ రీడర్ 2013 జులై 1న మూతపడింది. వాడేవాళ్ళు తగ్గారన్నది కంపెనీ చెప్పిన కారణం. దాంతోపాటు ఒక చదివే అలవాటు కూడా సన్నగిల్లింది.

ఫీడ్ రీడర్ చేసే పని చాలా చిన్నది. మనం ఎంచుకున్న సైట్లలో కొత్తగా ఏమొచ్చిందో చూసి, తేదీల వరసలో పేరుస్తుంది. తెలుగు బ్లాగులకి కూడలి చేసిపెట్టిందీ దాదాపు ఇదే. ఏది గొప్పదో అది చెప్పదు. రోజూ రాసేవాళ్ళ పక్కనే, ఏడాదికి రెండు వ్యాసాలు రాసేవాళ్ళకీ చోటుంటుంది. ఫేస్‌బుక్‌లో అయితే ఈ రెండోవాళ్ళు లైకుల కింద ఎక్కడో పడిపోతారు. సాహిత్యంలో మనం ఎదురుచూసేది తరచూ వాళ్ళ కోసమే.

అలాగని దీన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. చదవనివి వెయ్యి దాటితే గూగుల్ రీడర్ '1000+' అని చూపించేది. ఆ అంకె చదువుని బాకీగా మార్చేసింది. 'అన్నీ చదివినట్టే' అని ఒక్క బటన్ నొక్కి తీర్చేసుకునే బాకీ! తప్పు వరసది కాదు, లెక్కపెట్టడానిది.

ఫీడ్లీ, ఇనోరీడర్ లాంటివి ఇప్పటికీ ఉన్నాయి. ఇరవై సైట్లు చాలు, అంకె చూడకపోతే ఇంకా మంచిది. ఎవర్ని చదవాలో తేల్చుకోవడంతోనే విమర్శ మొదలవుతుంది. ఆ పని అల్గారిదానికి అప్పజెప్పాక, మన అభిరుచి అని దేన్ని అంటాం?