జెండా మీద రాసిందెవరు?

'ఆర్ఆర్ఆర్' (2022) మన గూడేల పిల్లలు చాలామంది చూసిన సినిమా. కొమురం భీము పేరు వినగానే ఈలలు వేశారు. వేయనివ్వండి. ఈకలు పెట్టుకుని హీరోయిన్ చుట్టూ గంతులేసే గుంపుగా మనల్ని చూపించిన సినిమాల కంటే ఇది ఎంతో మేలు.

మొదటి సన్నివేశం నాకూ నచ్చింది. దొరసాని రెండు నాణేలు పడేస్తుంది. మల్లి పాటకు ఇచ్చిందనుకుంటుంది తల్లి. అది బిడ్డకు కట్టిన ధర! అవతలివాళ్ల భాష తెలియకపోతే ఏమవుతుందో పిల్లలకు ఇంతకంటే బాగా చెప్పలేం. అయితే ఆ గోండు తల్లి నోట పలికించింది తెలుగే.

అందరినీ కలుపుకుని సినిమా తీయడమంటే ఏమిటని పిల్లలు అడిగితే నేను పెళ్లి భోజనం సంగతి చెబుతాను. బంతిలో కూర్చోబెట్టడం వేరు, ఏం వండాలో అడగడం వేరు. ఈ సినిమాలో మనల్ని బంతిలో ముందు వరసలోనే కూర్చోబెట్టారు. వంట దగ్గర మాత్రం మన మాట వినిపించలేదు.

అది చివర్లో బయటపడుతుంది. ఏం కావాలో అడగమంటాడు రామ్. తన జనానికి చదువు కావాలంటాడు భీము. 'జల్ జంగల్ జమీన్' అని జెండా మీద రాసేది రామ్. ఆ మాట భీముది. నిజాం అటవీ అధికారుల మీద, పోడు భూముల కోసం పోరాడి 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన మనిషిది. ఊరు విడిచి తిరిగిన కాలంలోనే ఆయన చదవడం, రాయడం నేర్చుకున్నాడని మన పెద్దలు చెబుతారు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండి లిపిలో రాసిన పాత ప్రతులు దొరికాయి కూడా. అక్షరం మన ఇంట్లో లేనిదేం కాదు.

ఇది కల్పిత కథ కదా అంటారు. నిజమే. భీమును ఢిల్లీకి పంపారు, అల్లూరితో స్నేహం కలిపారు, పులుల్ని వదిలించారు. దేనికీ చరిత్ర అడ్డు రాలేదు. ఇన్ని కల్పించగలిగినవాళ్లు భీము చేతికి కలం ఇవ్వడం మాత్రం ఊహించలేకపోయారు. నా అభ్యంతరం అక్కడే. రాసే గదిలో ఒక్క గోండు యువకుడు ఉన్నా, "అన్నా, ఆ మాట మా భీముదే, ఆయన్నే రాయనివ్వండి" అనేవాడు.

ఉపాధ్యాయ మిత్రులారా, ఈ సినిమాను బడిలో వేస్తే ఆ జెండా దగ్గర ఆపండి. తర్వాతి సన్నివేశం పిల్లల్నే రాయమనండి, ఇంట్లో మాట్లాడుకునే భాషలో.