సర్వనామము నామమునకు బదులా?

ఆంగ్లవ్యాకరణమును మన బాలురకు బోధించు పుస్తకములలో మూడు లక్షణములు దాదాపు ఒకే రీతిగా గానవచ్చును. మనుష్యుని, ప్రదేశమును, వస్తువును తెలుపునది నామవాచకము. వానిలో ఒకానొక దానికే చెల్లునది సంజ్ఞానామము. నామమునకు బదులుగా వచ్చునది సర్వనామము. బాలురు వీనిని వల్లించి మార్కులు తెచ్చుకొనుచున్నారు. ఇవి ప్రయోగమునకు నిలుచునా యని విచారించువారు తక్కువ. అనంతపురపు మెట్టసీమలో ఏండ్లకొలది ఈ పాఠము చెప్పినవారము గాన, వీనిని కొంచెము పరీక్షింపదలచితిమి.

ముందుగా సంజ్ఞానామము. మన లిపిలో పెద్ద అక్షరము, చిన్న అక్షరము అను భేదము లేదు. కావున ఆంగ్లమున పేరునకు మొదట పెద్ద అక్షరము వ్రాయుటయే సంజ్ఞానామ లక్షణమని బాలుడు తలచును. మా యూరి పేరునే చూడుడు. అనంతమనగా అంతము లేనిది. 14వ శతాబ్దిలో బుక్కరాయల మంత్రియైన చిక్కప్ప ఒడయరు కట్టించిన చెరువు అనంతసాగరమైనది. దానినిబట్టి ఊరు అనంతపురమైనది. ఆ పేరు ఒక స్త్రీదని కొందరును, ఆయనదేయని కొందరును చెప్పుదురు. ఎట్లయినను, ఒక విశేషణము మనుష్యుని పేరై, చెరువు పేరై, ఊరి పేరైనది. సామాన్యశబ్దము సంజ్ఞయగు మార్గమును ఈ యొక్క కథ తెలిపినంతగా పది నిర్వచనములు తెలుపజాలవు.

సర్వనామ లక్షణము ఇంతకంటె దుర్బలము. రాముడు ‘నేను వచ్చితిని’ అనెను. ‘నేను’ తీసి పేరు నిలిపినచో ‘రాముడు వచ్చితిని’ యగును, వాక్యమే చెడును. ‘నేను’ అనునది పేరునకు బదులు వచ్చినది కాదు, మాటలాడువానిని చూపునది. ‘నీవు’ వినువానిని చూపును. బదులను మాట ప్రథమపురుషకు కొంతవరకు చెల్లును గాని, ఈ రెంటికి చెల్లదు. సంస్కృతము చదివినవారు సర్వనామ శబ్దము మనకు పూర్వమే కలదందురు. కలదు, కాని పాణిని ‘సర్వ’ శబ్దము మొదలుగా ఒక గణమునకు ఆ సంజ్ఞ చేసెను. అందు ‘విశ్వ’, ‘పూర్వ’ మొదలగునవియు చేరినవి. ఆంగ్లేయులు వీని యర్థము గల మాటలను పెక్కుచోట్ల విశేషణములందురు. రెండు శాస్త్రముల పరిభాషలను ఒకే గాటికి కట్టుటచే బాలునకు రెండును దక్కకున్నవి.

ఒకనాడు మా తరగతిలో ఒక బాలుడు తన తల్లి దూరపు బావినుండి నీళ్లు తెచ్చుటను గూర్చి ఆంగ్లమున వ్రాయుచు, తల్లికి ‘షీ’ అనుటకు మారుగా ‘ఇట్’ అని వ్రాసెను. తరగతి నవ్వినది. మాకు నవ్వు రాలేదు. ‘అమ్మ వచ్చుచున్నది’, ‘ఆవు వచ్చుచున్నది’: క్రియ యొక్కటే కదా! చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణమున స్త్రీలను, పశుపక్ష్యాదులను, జడములను విడిచి తక్కినవి మహత్తులని విభజించెను. ఒంటరి స్త్రీకి అమహత్తు క్రియ. స్త్రీలు పలువురు గూడినచో పురుషులతో సమానముగా ‘వచ్చుచున్నారు’. ఇది భాష నడచిన త్రోవ. దీనికి బాలుని దోషిని చేయరాదు. కాని మన యిండ్లలో పనిచేయు స్త్రీని ‘అది’ యనియు, ఆమె పెనిమిటిని ‘వాడు’ అనియు పిలుచుట వ్యాకరణము కాదు, అలవాటు. ‘ఆమె’, ‘ఆయన’ అను మాటలు మన భాషలోనే యున్నవి; వానిని ఎవరికి దాచుచున్నామన్నదే ప్రశ్న. ఆంగ్లమున న్యాయాధిపతికిని కూలివానికిని ‘హీ’ యొక్కటే యని చెప్పినప్పుడు బాలురు ఆశ్చర్యపడుదురు. ఆ యాశ్చర్యమే నిజమైన పాఠము.

ఆంగ్లమునకును లోపము గలదు. మనకు ‘మేము’ వేరు, ‘మనము’ వేరు. వినువానిని విడిచిపెట్టునది మొదటిది, కలుపుకొనునది రెండవది. ఆంగ్లమున ‘వుయ్’ ఒక్కటే. సంస్కృతమునను ఈ భేదము లేదు. వానలు తప్పిన యేట ఈ సీమలో దీని విలువ తెలియును. ‘ఈ బావి మాది’ యన్నచో ఒకడు ఖాళీ కడవతో మరలిపోవును. ‘మనది’ యన్నచో నిలిచి నీళ్లు చేదుకొనును. ఒక్క సర్వనామములో నీటి హక్కు ఇమిడియున్నది. ‘అవర్’ అను మాటను ‘మా’ యని తెనిగింపవలయునా, ‘మన’ యనియా యని అడిగిన ఉపాధ్యాయుడు వ్యాకరణముతోబాటు ధర్మమునుగూడ బోధించినవాడగును.

1816లో కాంబెల్, 1840లో బ్రౌను ఆంగ్లేయులకు తెలుగు నేర్పుటకై వ్యాకరణములు ప్రకటించిరి. పరభాషీయునకు మన భాషలో అడుగు తడబడు చోట్లను వారు వివరింపవలసివచ్చెను. మన బాలురకు ఆంగ్లము నేర్పు పుస్తకములు ఆ శ్రమ పడక, ఆంగ్లేయ బాలురకు వ్రాసిన లక్షణములను తెనిగించి తృప్తి చెందుచున్నవి. తెలుగు ప్రయోగమును ప్రక్కన నిలిపి, భేదము చూపి, పిమ్మట లక్షణము చెప్పుట మేలు. ఇక తల్లిదండ్రులు చేయవలసినది చిన్న పని. సాయంకాలము పిల్లవానిచే సర్వనామ లక్షణము అప్పగింపించుకొనుటకు ముందు, ఆనాడు తమ యింట ఎవరిని ‘అది’ యనిరో, ఎవరిని ‘ఆమె’ యనిరో ఒక్కమారు జ్ఞాపకము చేసికొందురుగాక. పిల్లవాడు వ్యాకరణమును మొదట అక్కడనే నేర్చుకొనుచున్నాడు.