రెక్కలో కాటా

పాలమూరు నుంచో నల్లగొండ నుంచో పిల్లల్ని అమెరికా పంపే ఇంట్లో, ముందురోజు హడావుడంతా కాటా చుట్టూనే. మామిడికాయ తొక్కు, సకినాలు సర్దిన సూట్‌కేసు 23 కిలోలు దాటితే ఒక డబ్బా బయటికి రావాల్సిందే. అదే విమానం రెక్కల్లోకి టన్నులకొద్దీ చమురు ఎక్కుతుంది. దాన్ని ఏ కాటా మీదా పెట్టరు.

2021 జనవరిలో శంషాబాద్–షికాగో మధ్య ఎయిరిండియా ఎక్కడా ఆగకుండా నడిపిన బోయింగ్ 777-200ఎల్ఆర్‌నే తీసుకోండి. ట్యాంకుల్లో పట్టేది సుమారు 1,81,000 లీటర్లు. అందులో పోసే జెట్ ఏ-1 మన గ్యాస్‌నూనెకు దగ్గరి చుట్టం. 15 డిగ్రీల దగ్గర లీటరు 775 గ్రాములున్నా, 840 ఉన్నా చెల్లుతుంది. ఈ రెండు కొసల మధ్య నిండు ట్యాంకుల బరువులో తేడా దాదాపు 12 టన్నులు. ఇక మన ఎండలు! 40 డిగ్రీలకు వేడెక్కిన చమురు ఉబ్బి, అవే ట్యాంకుల్లో మూడు టన్నులకు పైగా తక్కువ పడుతుంది. ఎంతదూరం పోతామన్నది లీటర్లను బట్టి కాదు, బరువును బట్టి. చమురు పలచనైతే ట్యాంకు ముందు నిండుతుంది; చిక్కనైతే 347 టన్నుల టేకాఫ్ హద్దు ముందు అడ్డొస్తుంది.

ఈ లెక్కను 777 తేల్చే పనితనం ముచ్చటేస్తుంది. ట్యాంకు అడుగు నుంచి నిలువు గొట్టంలో పైకి పంపిన అతిధ్వని చమురు పైమట్టాన్ని తాకి తిరిగొస్తుంది. దానికి పట్టిన సమయాన్ని బట్టి లోతు తెలుస్తుంది. అయితే వేడెక్కిన చమురులో ధ్వని నెమ్మదిస్తుంది, గాలిలో జరిగేదానికి ఉల్టా. అందుకే దూరం ముందే తెలిసిన గురి మీదికి ధ్వనిని పంపి, వేగాన్ని సరిచూసే పరికరం ఇంకోటి పెట్టారు. రెక్క వంగినా, విమానం ఒరిగినా లెక్క తప్పకుండా ఇలాంటి గొట్టాలు పదులకొద్దీ ఉంటాయి.

నాకు అన్నిటికన్నా నచ్చింది సాంద్రత చెప్పే చిన్న లోహపు గొట్టం. చమురులో మునిగి, సన్నగా కంపిస్తూనే ఉంటుంది. చమురు చిక్కనైనకొద్దీ ఆ కంపనం, నీళ్ల బిందెలో ముంచిన గంటలా, మందగిస్తుంది. ఎంత మందగించిందో చూస్తే సాంద్రత దొరికినట్టే. తూచకుండా తూచడమంటే ఇదీ.

ఈ ఒక్క అంకె తప్పితే ఏమవుతుందో 1983లో కెనడాలో తెలిసొచ్చింది. ఎయిర్ కెనడా 767లో గేజీలు పనిచేయక చేత్తో లెక్కకట్టారు. లీటరుకు 0.8 కిలోలని వేయాల్సిన చోట 1.77 వేశారు. అది పౌన్ల అంకె. చమురు చాలక గాల్లోనే రెండు ఇంజిన్లూ ఆగిపోతే, గిమ్లీలోని పాత రన్‌వే మీదికి జారుకుంటూ దింపారు.

అందుకే ఎన్ని గేజీలున్నా, చమురు పోసే బండి (బౌజర్) మీటరులోని లీటర్లను, చమురు చీటీలోని సాంద్రతతో గుణించి కాక్‌పిట్ అంకెతో పోలుస్తారు. పొంతన కుదరకపోతే ఇంజనీరు రెక్క కిందికెళ్లి, అయస్కాంతపు పుల్లలు లాగి ఒక్కోచోట లోతు చదువుతాడు.