సుబ్బారావుకు ఎన్ని మార్కులు?

భిలాయిలో చదువుకునే తెలుగు విద్యార్థులకు భాస్వరం కొత్త కాదు. ఉక్కులో అది కాస్త ఎక్కువైతే లోహం పెళుసుబారుతుంది. రైలు పట్టాలు తయారయ్యే ఊరిలో భాస్వరం పాలెంతో తెలియకుండా పని సాగదు. మరి రక్తంలో ఫాస్ఫేటు రూపంలో ఉండే అతి కొద్దిపాటి భాస్వరాన్ని కొలవడం ఎలా?

ఈ ప్రశ్నకు సులువైన జవాబు చెప్పినవారిలో ఒకరు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన 1925లో ఒక పద్ధతిని ప్రచురించారు. ప్రోటీన్లు తీసేసిన ద్రావణానికి ఆమ్లం, మాలిబ్డేటు కలిపి, ఒక క్షయకారిణిని చేరిస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువన్నమాట.

ఈ పత్రాన్ని ఆ తర్వాతి పరిశోధకులు తమ పత్రాల్లో వేల సార్లు పేర్కొన్నారు. దీన్నే సైటేషన్ అంటారు. ఈనాడు శాస్త్రజ్ఞుడి స్థాయిని కొలిచే తూనికరాయి ఇదే. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు హెచ్-ఇండెక్స్ అనే లెక్క ప్రతిపాదించాడు. ఒక్కొక్కటీ కనీసం 20 సార్లు పేర్కొనబడిన పత్రాలు 20 ఉంటే, ఆ మనిషికి 20 మార్కులు! ఉద్యోగాలూ, పదోన్నతులూ ఇలాంటి అంకెల చుట్టూ తిరుగుతున్నాయి.

సుబ్బారావును ఈ తక్కెడలో వేస్తే తేలేది భాస్వరం కొలిచిన మనిషి. కాన్సర్ వైద్యానికి ఆయన చేసిన మేలు తక్కెడకు దొరకదు.

అదెలాగో చూద్దాం. 1940లో ఆయన లెడర్లీ ప్రయోగశాలలో చేరి, తర్వాత అక్కడి పరిశోధనలకు అధిపతి అయ్యారు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. కణం విభజన చెందాలంటే డి.ఎన్.ఏ. కావాలి, డి.ఎన్.ఏ. తయారీకి ఫోలిక్ ఆమ్లం కావాలి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు ఫోలిక్ ఆమ్లానికి దగ్గరి పదార్థాలిస్తే జబ్బు ఇంకా జోరందుకున్నట్టు కనిపించింది. అలాగైతే ఫోలిక్ ఆమ్లంలాగే కనిపిస్తూ కణాన్ని మోసగించే పదార్థమిస్తే? అలాంటి అమినాప్టెరిన్‌ను లెడర్లీ రసాయన శాస్త్రజ్ఞులు తయారు చేశారు. 16 మంది పిల్లలకిస్తే 10 మందిలో జబ్బు తాత్కాలికంగా తగ్గింది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ కాన్సర్ వార్డుల్లోనూ, కీళ్ళవాతానికీ వాడుకలో ఉంది.

ఇప్పుడు పత్రాల మీది పేర్లు చదవండి. అమినాప్టెరిన్ తయారీని 1947లో వెల్లడించినవారు సీగర్, స్మిత్, హల్ట్‌క్విస్ట్. 1948 జూన్‌లో వైద్య ఫలితాలు ప్రకటించినవారు ఫార్బర్, ఆయన సహచరులు నలుగురు. రెండింటిలోనూ రచయితల వరసలో సుబ్బారావు లేరు. అదే ఏడు ఆగస్టులో ఆయన కన్నుమూశారు.

పేర్ల గొడవ ఆయనకు ముందునుంచీ ఉన్నదే. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాలు వెలుగులోకి రాకుండా ఫిస్క్ అసూయతో అడ్డుపడ్డట్టుందని, వాటిని ఏళ్ళ తర్వాత ఇతరులు మళ్ళీ కనుక్కోవలసి వచ్చిందని జార్జ్ హిచింగ్స్ అన్నారు. 1988లో నోబెల్ పొందిన ఈ హిచింగ్స్ ఒకప్పుడు ఫిస్క్ దగ్గరే చదువుకున్నవాడు కాబట్టి ఆ మాటను తేలిగ్గా తీసెయ్యలేం. ప్రచురించని పని సైటేషన్ లెక్కకు పుట్టనే లేదు.

అయితే మనవైపు నుంచీ ఒక తప్పుంది. మన వ్యాసాలు, ఉపన్యాసాలు ఆయనొక్కరే ఈ మందులన్నీ కనిపెట్టినట్టు రాస్తుంటాయి. సీగర్ బృందం చెమట ఏమైనట్టు? ఫిస్క్ ఒకరి పేరు మింగాడని కోప్పడే మనం పదిమంది పేర్లు మింగవచ్చునా? సుబ్బారావు పాత్ర గొప్పదే. ఏ పదార్థం వెంట పడాలో నిర్ణయించి, రసాయన శాస్త్రజ్ఞులనూ వైద్యులనూ ఒక దారిలో నడిపించడం ఆయన పని. దానికి సైటేషన్ లేదు. అంతమాత్రాన ఊహలతో నింపనక్కరలేదు.

చిత్రమేమిటంటే, మందుల పత్రాల మీద కనిపించని ఆయన పేరు 1953లో హెస్సెల్టైన్ ఒక కొత్త శిలీంధ్రానికి పెట్టాడు: సుబ్బారోమైసిస్.