మజెంటో తెంచుకుంది, వూకామర్స్ మోసుకొస్తోంది

ఈమధ్య మొదలైన ఏ వూకామర్స్ షాపు డేటాబేస్ అయినా తెరిచి పోస్టుల టేబుల్ చూడండి. ‘షాప్ ఆర్డర్ ప్లేస్‌హోల్డ్’ అనే రకం వరసలు కనిపిస్తాయి. ‘ప్లేస్‌హోల్డర్’ అని ఉండాల్సింది, ఇంగ్లిష్ స్పెల్లింగులో చివరి రెండక్షరాలు లేవు. వర్డ్‌ప్రెస్‌లో పోస్టు రకం పేరుకు 20 అక్షరాలే చోటు. అండర్‌స్కోర్లతో కలిపి లెక్కేస్తే ఆ పేరు సరిగ్గా 20 దగ్గర ఆగుతుంది. ఆ వరసల్లో సరుకేమీ ఉండదు. అసలు ఆర్డర్ వేరే టేబుల్‌లో ఉంది. దాని నంబర్ రేపు ఇంకో పోస్టుకు పోకుండా, బస్సు సీటుకు కర్చీఫ్ వేసినట్టు ఇక్కడో ఖాళీ వరస వేసి ఉంచారు. చూడ్డానికి వికారంగానే ఉంటుంది. కానీ పాత కోడ్‌ను బాగుచేసుకోవడంలో వూకామర్స్ తీరేమిటో ఆ ఒక్క వరసతో తెలిసిపోతుంది. మజెంటో 2 రాసినవాళ్లయితే ఇలాంటి వరసను చచ్చినా ఉంచేవాళ్లు కారు.

రెండూ పీహెచ్‌పీలో రాసిన ఓపెన్ సోర్స్ షాపు సాఫ్ట్‌వేర్లే. లాస్ ఏంజెలెస్‌లో వేరియన్ అనే కంపెనీ 2008లో మజెంటో తెస్తే, కేప్‌టౌన్‌లోని వూథీమ్స్ 2011లో జిగోషాప్ అనే ప్లగిన్‌ను ఫోర్క్ చేసి వూకామర్స్ తెచ్చింది. రెండూ పెరిగింది బయటివాళ్లు రాసిన ఎక్స్‌టెన్షన్ల పుణ్యమా అని. అవే తర్వాత మెడకు చుట్టుకున్నాయి. డాక్యుమెంటేషన్‌లో మీరు ఏం రాసుకున్నా సరే, బయటివాళ్లు మీ కోడ్‌లో ఏది పట్టుకుని పని జరుపుకుంటే అది మీరిచ్చిన మాట కింద లెక్క. ఆ మాటను ఎవరెలా తప్పారు, ఎవరెంతవరకు నిలబెట్టుకున్నారు అన్నదాన్ని బట్టే ఈ రెండింటినీ తూచాలని నా ఉద్దేశం.

వూకామర్స్ జబ్బు పుట్టుకతో వచ్చింది. వర్డ్‌ప్రెస్ బ్లాగుల కోసం పుట్టిన సాఫ్ట్‌వేర్ కాబట్టి వూకామర్స్‌లో మొదట్లో ఆర్డర్ కూడా ఒక పోస్టే. కొన్నవాళ్ల పేరు, ఫోన్, పిన్‌కోడ్, ఈమెయిల్, బిల్లు మొత్తం ఒక్కొక్కటీ పోస్ట్ మెటా టేబుల్‌లో ఒక్కో వరస. ఒక్క ఆర్డర్‌కు పదుల వరసలు. బిల్లు మొత్తం కూడా అంకెగా కాదు, టెక్స్ట్‌గా. ఆ కాలమ్‌కు ఇండెక్స్ లేదు. షాపు చిన్నగా ఉన్నన్నాళ్లు నడిచిపోతుంది. లక్ష ఆర్డర్లు దాటాక ఒక ఈమెయిల్‌తో ఆర్డర్ వెతకబోతే సర్వర్‌కు చుక్కలు కనపడతాయి.

మజెంటోది కోరి తెచ్చుకున్న జబ్బు, పేరు ఈఏవీ. షాపువాళ్లు ఉత్పత్తికి ఏ లక్షణం కావాలన్నా చేర్చుకునేలా చేయాలని విలువలన్నిటినీ రకాల వారీగా విడదీశారు: చిన్న మాటలకో టేబుల్, పూర్ణాంకాలకో టేబుల్, దశాంశాలకు, పెద్ద టెక్స్ట్‌కు, తేదీలకు తలా ఒకటి. మొదట్లో ఆర్డర్లూ ఈ పద్ధతిలోనే ఉండేవి. 2010లో వచ్చిన 1.4.1 వెర్షన్‌లో ఆర్డర్లను అక్కణ్ణుంచి తీసి మామూలు టేబుళ్లలో పెట్టారు. వూకామర్స్ అదే పనిని 2023కు గానీ పూర్తి చేయలేకపోయింది. మజెంటోకు నిదానంగా మార్చడం చేతకాదనేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు. చేతనైంది, చేసి చూపించింది కూడా. ఆ తర్వాతే ఓపిక పోయింది.

ఓపిక పోవడానికీ కారణం ఉంది. మజెంటో 1లో ఎక్స్‌టెన్షన్ రాసేవాళ్లు మూల క్లాస్‌ను మార్చాలంటే ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో ‘రీరైట్’ అని ప్రకటించాలి. రెండు ఎక్స్‌టెన్షన్లు ఒకే క్లాస్‌ను రీరైట్ చేస్తే ఒకటే బతుకుతుంది. రెండోది ఎర్రర్ కూడా చూపించకుండా చచ్చి ఊరుకుంటుంది. డిస్కౌంట్ ఎందుకు పడటం లేదో తెలియక రాత్రంతా తవ్వినవాడికే ఆ బాధ తెలుస్తుంది. దీనికి లోపల్లోపల మరమ్మతు లేదనుకున్నారు. 2010లోనే ప్రకటించిన మజెంటో 2 ఈబే చేతుల్లోకి వెళ్లి, బయటికొచ్చి, చివరికి 2015 నవంబర్‌లో విడుదలైంది. అందులో ఒకే ఫంక్షన్‌కు ఎన్ని ఎక్స్‌టెన్షన్లయినా ముందూ వెనకా తగులుకోవచ్చు, వాటి వరసక్రమం కూడా చెప్పొచ్చు. డిపెండెన్సీ ఇంజెక్షన్, కంపోజర్ వచ్చాయి. డిజైన్‌గా చూస్తే వూకామర్స్ దీని దరిదాపుల్లోకి రాదు. నేను కొత్తగా ఎక్స్‌టెన్షన్ రాయాల్సి వస్తే మజెంటో 2లోనే రాస్తాను.

షాపు నడిపేవాడి వైపు నుంచి చూస్తే కథ వేరు. పాత ఎక్స్‌టెన్షన్ ఒక్కటీ కొత్తదాంట్లో పనిచేయదు, పాత థీమూ పనిచేయదు. కంపెనీ ఇచ్చిన మైగ్రేషన్ టూల్ డేటాను మాత్రమే మోసుకెళ్తుంది. సర్వీస్ కంపెనీలు మైగ్రేషన్ అని బిల్లు వేసేవి గానీ జరిగింది షాపును మళ్లీ కట్టడమే. హైదరాబాద్‌లో ఆ ప్రాజెక్టుల మీద పనిచేసినవాళ్లను అడిగి చూడండి. ఇంత చేశాక డేటాబేస్‌లో ఉత్పత్తులు ఎక్కడున్నాయి? ఈఏవీలోనే. ప్రోగ్రామర్లను ఇబ్బంది పెట్టిందంతా తిరగరాశారు, డేటాబేస్‌ను ఇబ్బంది పెట్టిన మూలాన్ని అలాగే తెచ్చుకున్నారు. మజెంటో 2 మీద నా అసలు ఫిర్యాదు ఇదే. మాట తప్పితే తప్పారు, తప్పినందుకు రావాల్సింది పూర్తిగా రాబట్టుకోలేదు.

2018లో అడోబీ 168 కోట్ల డాలర్లకు మజెంటోను కొన్నది. 2020 జూన్ 30తో మజెంటో 1కు సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆగిపోయాయి. అదే సెప్టెంబర్‌లో ఒక్క వారాంతంలో దాదాపు 2,000 మజెంటో షాపుల్లో కార్డు నంబర్లు దొంగిలించే కోడ్ చొరబడింది, వాటిలో ఎక్కువ భాగం పాత వెర్షనే. ఇక్కడ ఓపెన్ సోర్స్ లైసెన్స్ పరువు నిలబెట్టింది. ఓపెన్‌మేజ్ అనే ఫోర్క్ పట్టుకున్నవాళ్లు మజెంటో 1కు ప్యాచ్‌లు వేస్తూ దాన్ని పీహెచ్‌పీ 8 దాకా నడిపించుకొచ్చారు. ఇక మరమ్మతుకు లొంగదని వదిలేసిన కోడ్ మరమ్మతుకు బాగానే లొంగింది.

ఇక వూకామర్స్. 2017లో వచ్చిన 3.0 వెర్షన్ టేబుళ్ల జోలికి పోలేదు. ఆర్డర్‌కు ఒక ఆబ్జెక్ట్ ఇచ్చి, ఇకమీదట దాన్నే అడగండి, నేరుగా పోస్ట్ మెటాలో చెయ్యి పెట్టకండి అంది. ఆర్డర్ ఐడీని పాత పద్ధతిలో చదివే కోడ్‌ను ఆపలేదు, పని చేసిపెడుతూనే లాగ్‌లో ఒక హెచ్చరిక రాసిపెట్టింది. టేబుళ్లను కదిపే పని ఆ తర్వాత అయిదేళ్లకు మొదలైంది. కొత్త టేబుళ్లలో బిల్లు మొత్తం దశాంశ సంఖ్య అయింది, చిరునామాకు వేరే టేబుల్ వచ్చింది. కావాలంటే పాత, కొత్త టేబుళ్లను రెండింటినీ సమానంగా ఉంచే సింక్ పెట్టుకోవచ్చు, తేడా కొడితే వెనక్కి వెళ్లొచ్చు. 2023 అక్టోబర్‌లో 8.2 నుంచి కొత్త షాపులకు ఇదే డిఫాల్ట్. పాత షాపులను బలవంతపెట్టలేదు.

ఇదంతా చూసి వూకామర్స్‌ను ఆకాశానికెత్తేవాళ్లతో నేను కలవను. ప్లగిన్ రాసినవాళ్లు తమది కొత్త టేబుళ్లతో సరిపడుతుందని తమంతట తాము ప్రకటించుకుంటే చాలు, షాపు సెట్టింగుల్లో అడ్డు తొలగిపోతుంది. ఆ మాట నిజమో కాదో ఆ స్విచ్‌కు తెలియదు. లోపలెక్కడో ఒక పాత ‘గెట్ పోస్ట్ మెటా’ మిగిలిపోతే, సింక్ ఆపేసిన రోజు అది ఖాళీ చెయ్యి చూపిస్తుంది. ఇన్వాయిస్ మీద జీఎస్టీ నంబర్ ఉండాల్సిన చోట ఏమీ ఉండదు. పైగా రెండు నిల్వలున్నంత కాలం ప్రతి మార్పునూ రెండు దారుల్లోనూ పరీక్షించాలి. ఇంత చేసినా ఆర్డర్ మీద రాసుకునే నోట్స్ మాత్రం బ్లాగు కామెంట్ల టేబుల్లోనే ఉండిపోయాయి. ఈ మోత మోసేది వూకామర్స్ కోడ్‌ను చూసుకునేవాళ్లు. షాపువాడి మీద పడాల్సిన ఖర్చును వాళ్లు నెత్తినేసుకున్నారు. మజెంటో ఆ ఖర్చును షాపువాడి మీదకు తోసింది. నా ఓటు అందుకే వూకామర్స్‌కు, అది రాసిన తీరు నచ్చకపోయినా.

మజెంటో 2 ముందుభాగంలో వాడిన నాకౌట్, రిక్వైర్‌జేఎస్ లైబ్రరీలు అప్పట్లో కొత్తవే, నాలుగైదేళ్లకే బరువైపోయాయి. 2021లో బయటివాళ్లు తెచ్చిన హైవా థీమ్ వాటిని పక్కనపెట్టి మొత్తం మళ్లీ రాసింది. ఒకేసారి అన్నీ తిరగరాసేవాళ్లకు ఆ ఏడాది ఫ్యాషన్ కూడా పునాదిలో పడిపోతుంది. వూకామర్స్‌కు మిగిలిన పని ఆర్డర్లను కదపడం కంటే గట్టిది. అక్కడ ఉత్పత్తులు ఇంకా పోస్టులే. ధర, స్టాక్ వెతకడానికి 2019లో 3.6 వెర్షన్ పక్కనొక టేబుల్ చేర్చింది, అంతవరకే. ఆర్డర్‌ను చూసేది షాపువాడు, కొన్నవాడు మాత్రమే. ఉత్పత్తి అలా కాదు. ఉత్పత్తి పేజీ లింకు, కేటగిరీలు, సైట్‌లో వెతుకులాట, థీమ్‌లో వరసగా చూపించే లూప్, ఎస్‌ఈఓ ప్లగిన్లు అన్నీ అది పోస్టు అన్న నమ్మకంతో రాసినవే. ఆ నమ్మకాన్ని కదిపితే హెచ్చరిక రాసుకోవడానికి లాగ్ ఫైళ్లు చాలవు.