తామారు మాట, సంఘము మౌనము: లైంగిక విద్యా పరిశోధనలపై ఒక కాపరి విమర్శ

మలక్‌పేట నుండి దిల్‌సుఖ్‌నగర్ వైపు సాగే దారికి ఇరుప్రక్కల సందులలో హాస్టళ్ళు ఎక్కువ. నల్లగొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ జిల్లాల నుండి బ్యాంకు పరీక్షలకు, పోలీసు ఉద్యోగాలకు, కంప్యూటర్ కోర్సులకు కోచింగ్ తీసుకొనే యువతీయువకులు అక్కడ ఉంటారు. వారిలో కొందరు ఆదివారము మా సంఘానికి వస్తారు. ఆరు నెలలో, సంవత్సరమో ఉండి వెళ్ళిపోతారు. 2016లో ఒక యౌవనస్థుల కూటములో అట్టపెట్టె పెట్టి, పేరు వ్రాయకుండా ప్రశ్నలు వేయమన్నాము. వచ్చిన చీటీలలో ఎక్కువ భాగము ఊహించినవే: సినిమా చూడవచ్చునా, ఉద్యోగము రాకపోతే అది దేవుని చిత్తము కాదా, విశ్వాసి కానివారిని వివాహము చేసికొనవచ్చునా. ఒక చీటీ మాత్రము వేరు. “పాస్టరు గారూ, ఇంట్లో పెద్దవాళ్ళు నాతో చేసిన తప్పుడు పని నాకు కూడా పాపమేనా? నేనప్పుడు ఏడో తరగతి” అని ఉన్నది. ఆ సాయంకాలము సినిమా ప్రశ్నకు ఇరవై నిమిషాలు జవాబు చెప్పాను. ఆ చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాను.

వ్రాసినది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. నేను బి.డి. చదివిన రోజులలో హెబ్రీ క్రియలను వర్గీకరించడము నేర్పారు, సమాధి ఆరాధన ఎలా నడిపించాలో నేర్పారు. ఇట్టి చీటీ చేతికి వచ్చినప్పుడు ఏమి చేయాలో నేర్పలేదు. అయితే ఆ నెపము చెప్పి తప్పించుకొనుటకు ఈ వ్యాసము వ్రాయడము లేదు. లైంగిక విద్యపై జరిగిన పరిశోధనలను ఆ తరువాత వరుసగా చదివాను. వాటిని మనము, అనగా సేవకులము, ఎలా వాడుకొనుచున్నామో, ఎక్కడ వక్రీకరించుచున్నామో, ఆ పరిశోధనలు మన తెలుగు కుటుంబాన్ని ఎక్కడ చూడలేకపోయినవో పరిశీలించడమే ఇక్కడి పని.

మన పెద్దలు తరచుగా చెప్పే మాట ఒకటున్నది: “నిద్రపోతున్న దానిని ఎందుకు లేపడము?” పిల్లలకు చెబితే చెడిపోతారని దాని భావము. ఈ భయము మన సంఘాలది మాత్రమే కాదు. 2005లో కేంద్ర మానవ వనరుల అభివృద్ధి మంత్రిత్వ శాఖ, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కలిసి పాఠశాలలలో కౌమార విద్యా కార్యక్రమము ప్రారంభించాయి. 2007 నాటికి మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, కర్ణాటక, గుజరాత్ వంటి రాష్ట్రాలు దానిని నిరాకరించాయి. విషయము రాజ్యసభ పిటిషన్ల కమిటీ ముందుకు వెళ్ళినది. దానికి అధ్యక్షుడు మన నెల్లూరు జిల్లాకు చెందిన ఎం. వెంకయ్యనాయుడు గారు. 2009లో ఇచ్చిన నివేదికలో ఆ కమిటీ, మన సంస్కృతిలో పాఠశాల లైంగిక విద్యకు చోటు లేదనియు, దాని స్థానములో నీతిబోధ, యోగా, మహనీయుల జీవిత చరిత్రలు చెప్పాలనియు, శరీర సంబంధమైన విషయాలను పదవ తరగతి దాటిన తరువాత జీవశాస్త్రములో ఉంచాలనియు సూచించినది.

ఆ కమిటీ ఆందోళనలో న్యాయము లేకపోలేదు. ఉపాధ్యాయులకిచ్చిన చిత్రపటములు కొన్ని మన తరగతి గదులకు తగినట్లు లేవు. తయారుచేసినవారు పల్లెటూరి బడిని చూచినట్లు తోచదు. కానీ నివేదికలోని ముఖ్య వాదన, అనగా చెప్పకపోతే పిల్లలు భద్రముగా ఉంటారనేది, అప్పటికే ప్రభుత్వము చేతిలో ఉన్న మరొక గ్రంథముతో ఢీకొన్నది.

2007లో కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ బాలలపై అత్యాచారములను గూర్చిన అధ్యయనమును ప్రచురించినది. 13 రాష్ట్రాలలో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. వారిలో 53.22 శాతము మంది ఏదో ఒక రూపములో లైంగిక వేధింపును ఎదుర్కొన్నట్లు చెప్పారు. ఎక్కువ శాతము నమోదైన రాష్ట్రాలలో అస్సాం, బీహార్, ఢిల్లీలతో పాటు ఆంధ్రప్రదేశ్ ఉన్నది. అప్పటి ఆంధ్రప్రదేశ్ అంటే నేటి మన రెండు రాష్ట్రాలు. మగపిల్లలు కూడా ఆడపిల్లలతో సమానముగా బాధితులని తేలినది. చేసినవారిలో సగము మంది పిల్లలకు తెలిసినవారు, నమ్మదగిన స్థానములో ఉన్నవారు. పిల్లలలో అత్యధికులు ఎవరికీ చెప్పలేదు.

ఇక్కడ మన ప్రసంగీకులకు ఒక హెచ్చరిక. “దేశములో సగము మంది పిల్లలు చెరపబడుచున్నారు” అని ఈ అంకెను ఉజ్జీవ కూటములలో వాడగా నేను విన్నాను. అది సరికాదు. ఆ అధ్యయనములో ఇంటిలో ఉన్న పిల్లలు, బడి పిల్లలతో పాటు వసతి గృహాల పిల్లలను, పనిచేసే పిల్లలను, వీధి పిల్లలను విడివిడిగా ఎన్నుకున్నారు. కనుక ఆ శాతమును దేశమంతటికీ అంటగట్టరాదు. పైగా అశ్లీల చిత్రాలు చూపించడము మొదలు బలాత్కారము వరకు అన్నీ ఆ 53లో ఉన్నవి. తీవ్రమైన రూపాలు మాత్రమే లెక్కిస్తే ఐదింట ఒక వంతుకు పైగా. ఆ ఒక వంతు చాలదా? అంకెను పెంచి చెప్పవలసిన అవసరము సువార్తకు లేదు. చెప్పవలసినది మరొకటి: తెలిసినవారే చేస్తారు, పిల్లలు చెప్పరు. ఈ రెండు ఫలితాలు నిజమైతే, 2009 కమిటీ కోరిన మౌనము ఎవరిని కాపాడుతుంది?

లేపితే చెడిపోతారన్న భయాన్ని అమెరికా పరిశోధకులు సూటిగా పరీక్షించారు. డగ్లస్ కిర్బీ 2007లో సమీక్షించిన 48 సమగ్ర కార్యక్రమాలలో దాదాపు మూడింట రెండు వంతులు పిల్లల ప్రవర్తనపై మేలైన ప్రభావము చూపాయి. అట్టి బోధ పిల్లలను తొందరపెట్టినట్లు కనబడలేదు. అదే సంవత్సరము మాథమాటికా సంస్థ, వివాహము వరకు ఆగుడని మాత్రమే బోధించే నాలుగు కార్యక్రమాలను రెండు వేలమందికి పైగా పిల్లలపై పరీక్షించినది. బోధ విన్నవారిలోను విననివారిలోను ఆగినవారు దాదాపు సగము మందే. తేడా లేదు.

కానీ నన్ను ఎక్కువగా ఆపినది మరొక అధ్యయనము. 1993లో దక్షిణ బాప్టిస్టులు ప్రారంభించిన ‘ట్రూ లవ్ వెయిట్స్’ ఉద్యమమును మన పాఠకులలో చాలామంది ఎరుగుదురు. ఆ పేరు తెలియకపోయినా, వేసవి శిబిరము చివరి రాత్రి పిల్లలను నిలువబెట్టి కార్డులపై సంతకము చేయించే పద్ధతి తెలిసే ఉంటుంది. నేనూ చేయించాను. పీటర్ బేర్మన్, హన్నా బ్రూక్నర్ 2001లో ఆ ప్రతిజ్ఞను సమాజశాస్త్ర దృష్టితో పరిశీలించారు. ప్రతిజ్ఞ చేసినవారు సగటున 18 నెలలు ఆలస్యము చేశారు. ఇది చిన్న విషయము కాదు. ప్రతిజ్ఞను ఎగతాళి చేసేవారు దీనిని దాటవేయడము న్యాయము కాదు. అయితే రెండు షరతులు ఉన్నవి. బడిలో ప్రతిజ్ఞ చేసినవారు కొద్దిమందిగా ఉన్నప్పుడే అది పనిచేసినది. ఎక్కువమంది చేసినప్పుడు ప్రభావము పోయినది. ఆలస్యము చేయించినది కార్డు కాదు, “మేము వేరు” అన్న గుర్తింపు. ఇక ప్రతిజ్ఞను తప్పినవారు ఆ మొదటిసారి ఏ రక్షణ లేకుండా తప్పారు. 2005లో వెలువడిన వారి తదుపరి పరిశీలనలో, సుఖవ్యాధుల విషయములో ప్రతిజ్ఞ చేసినవారికీ చేయనివారికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఒక శిబిరములో మూడు వందలమంది పిల్లలను ఒకేసారి నిలువబెట్టి మనము ఆనందించినప్పుడు, ఏమి చేశామని అనుకున్నాము? ఆ మూడు వందలమందిలో నా చీటీ వంటి చీటీ వ్రాయగలవారు ఎందరో ఉండియుంటారు. తన ఇష్టముతో ప్రమేయము లేకుండా పోయిన దానిని గూర్చి ఆ పిల్ల “నేను పరిశుద్ధముగా ఉంటాను” అని సంతకము చేయవలెనా? ఆ కార్డులో ఆమెకు చోటు లేదు.

అయితే ఈ పరిశోధనలన్నిటి మీద నాకు ఒక ఫిర్యాదు ఉన్నది. ఇవి కొలిచేవి మొదటి కలయిక వయస్సు, గర్భము, రోగము, రక్షణ సాధనము. అమెరికా యువతకు అవి ముఖ్యమే. మన దగ్గర చాలామంది ఆడపిల్లలకు ఆ మొదటి వయస్సును నిర్ణయించేది ఆమె కాదు, పెద్దలు కుదిర్చిన ముహూర్తము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 20 నుండి 24 సంవత్సరాల స్త్రీలలో 18 నిండకముందే వివాహమైనవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతము, తెలంగాణలో 23.5 శాతము. ఆ వివాహాలలో కొన్నింటికి ప్రార్థన చేసినది మనమే. 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టము వివాహము జరిపించినవారిని కూడా దోషులుగా ఎంచుతుందని తెలియని పాస్టర్లు నేటికీ ఉన్నారు. ఇక కులము. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ప్రణయ్ హత్య జరిగినది. 2022 మేలో ఇక్కడికి కూతవేటు దూరములో, సరూర్‌నగర్‌లో, మతాంతర వివాహము చేసికొన్న యువకుని రోడ్డుమీద చంపారు. ఏ రక్షణ సాధనమును గూర్చిన పాఠము ఆ ఇద్దరికీ ఉపయోగపడేది కాదు. మానవ సంబంధాలను గూర్చి తెలుగులో పాఠ్యాంశము వ్రాసేవారు మేనరికము, కులము, పెళ్ళిచూపులు లేకుండా వ్రాస్తే అది అనువాదము మాత్రమే అవుతుంది.

తెలుగులో అసలు ఎవరూ వ్రాయలేదా? వ్రాశారు. విజయవాడ నాస్తిక కేంద్రమును స్థాపించిన గోరా గారి కుమారుడు డాక్టర్ సమరం గారు దశాబ్దాల పాటు పత్రికలలో ప్రశ్నలకు జవాబులిచ్చారు, పుస్తకాలు వ్రాశారు. మా తరములో క్రైస్తవ కుటుంబాల మగపిల్లలు అనేకులు ఆ పేజీలను పాటల పుస్తకములో దాచుకొని చదివారని ఒప్పుకొందము. వీధి గోడల మీద నపుంసకత్వ వైద్యుల ప్రకటనలు పెట్టిన భయాన్ని ఆ జవాబులు తీసివేశాయి. లోపము ఉన్నది: అడిగినవారిలో మగవారే ఎక్కువ, జవాబు వైద్యునిది, సంబంధము కంటె అవయవము పెద్దదిగా కనబడుతుంది. అయినను, దేవుడు శరీరమును చేసి మంచిదని చూచెనని బోధించే మనము మౌనముగా ఉండగా, దేవుడు లేడని చెప్పినవారు మన పిల్లల భయము తీర్చారు. ఇది మనకు గర్వకారణము కాదు.

మన మౌనానికి భాష కూడా ఒక కారణము. ఈ విషయములకు తెలుగులో సంస్కృత పదము ఒకటి, బూతు మాట ఒకటి ఉన్నవి. మొదటిది పిల్లలకు అర్థము కాదు, రెండవది కాపరి నోట రాదు. బడిలో కూడా పదవ తరగతి జీవశాస్త్రము ‘ప్రత్యుత్పత్తి’ పాఠములో మొక్కల భాగము చెప్పి, మిగిలినది ఇంటి దగ్గర చదువుకొమ్మనే ఉపాధ్యాయులను ఎవరు ఎరుగరు? మన బైబిలు అనువాదకులకు ఇదే ఇబ్బంది కలిగినట్లున్నది. హెబ్రీ ‘యాదా’ అనగా ఎరుగుట. ఆదికాండము 4వ అధ్యాయములో ఆదాము హవ్వల విషయములో దానిని ‘కూడుట’ అన్నారు. మత్తయి 1వ అధ్యాయములో యోసేపు విషయములో గ్రీకు మూలాన్ని అనుసరించి ‘ఎరుగుట’ అన్నారు. మొదటి మాటలో శరీరమున్నది, రెండవ మాటలో వ్యక్తి ఉన్నాడు. రెండును కలిసిన మాట కావలెను. దానిని వెదకడము వేదాంత కళాశాలల పనియే.

2 సమూయేలు 13ను మనము దావీదు పాపఫలితముగా ప్రసంగిస్తాము, తామారును దాటిపోతాము. ఫిలిస్ ట్రిబుల్ 1984లోనే ఆ అధ్యాయాన్ని తామారు పక్షమున చదివి చూపారు. దక్షిణాఫ్రికాలో జెరాల్డ్ వెస్ట్, ఉజమా కేంద్రము వారు దానిని సంఘాలలో సామూహిక బైబిలు అధ్యయనముగా నడిపారు. 2007 అధ్యయనము చేతబట్టుకొని ఆ అధ్యాయము చదువుడి. చేసినవాడు అన్న. ఉపాయము చెప్పినవాడు దగ్గర బంధువు. ఆ గదికి పంపినవాడు తండ్రి. అందరూ తెలిసినవారే. తామారు మాత్రము మాట్లాడినది: వద్దన్నది, ఇది తప్పన్నది, తనకు కలిగే అవమానాన్ని, అతనికి కలిగే అపకీర్తిని చెప్పినది, బయటకు వచ్చి అందరూ వినునట్లు ఏడ్చినది. ఆమెకు మాటలు ఉన్నవి. ఆమెను ఊరకుండుమన్నది ఆమెను ప్రేమించిన మరొక అన్న అబ్షాలోము. రాజు కోపపడ్డాడు, ఏమీ చేయలేదు. ఆ రాజును విమర్శించే ముందు నేను నా జేబు తడుముకొనవలెను.

2012లో వచ్చిన పోక్సో చట్టము 19వ విభాగము, పిల్లలపై ఇట్టి నేరము జరిగినదని తెలిసినవారెవరైనా పోలీసులకు తెలియజేయాలని చెప్పుచున్నది. కాపరికి, పాపపు ఒప్పుకోలు వినినవానికి అందులో మినహాయింపు లేదు. “అంతరంగములో చెప్పినది బయటపెట్టరాదు” అని మన ఆత్మీయ సలహా పాఠములలో నేర్చినది ఇక్కడ చెల్లదు. పాఠ్యప్రణాళికలో ఈ మాట చేర్చవలసియున్నది. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా, లైంగిక విద్య పాశ్చాత్యమనియు పిల్లలను చెడగొట్టుననియు ఉన్న అభిప్రాయములు అపోహలని పేర్కొని, సమగ్ర బోధకు సూచన చేసినది. 2009 నివేదికను ఇంకా ఆధారముగా చూపే సోదరులు ఆ తీర్పును కూడా చదువుట మంచిది.

ఇప్పుడు మా సంఘములో చీటీల పెట్టె తాళము నా దగ్గర లేదు. సంఘ సభ్యురాలైన ఒక నర్సమ్మ, మరొక ఉపాధ్యాయురాలు తెరుస్తారు. పెట్టెమీద 1098 అనే బాలల సహాయ సంఖ్య వ్రాసియున్నది. పన్నెండేళ్ళు దాటిన పిల్లలకు తరగతి మొదలుపెట్టుటకు ముందు, శరీర భాగాలకు, స్పర్శకు, ఇష్టానికి, అయిష్టానికి ఏ తెలుగు మాటలు వాడాలో ఒక జాబితా వ్రాస్తున్నాము. పద్నాలుగు మాటలు తేలినవి. మూడింటికి సంఘ పెద్దలు ఇంకా ఒప్పుకొనలేదు. వచ్చే నెల మరల కూర్చుంటాము.