అరవై తొమ్మిది పందేలు, ఒకే స్ట్రోకు

2012 లండన్ ఒలింపిక్స్ రోయింగ్‌లో చాలామందికి ఫైనల్స్ గుర్తుంటాయి. నాకు మాత్రం ఒక హీట్ గుర్తుంది. ఎటన్ డోర్నీలో ఇద్దరు రోవర్ల పడవల పోటీ, మొదటి రౌండు. న్యూజిలాండ్‌కు చెందిన ఎరిక్ మరే, హామిష్ బాండ్ రెండు వేల మీటర్లను 6 నిమిషాల 8.50 సెకన్లలో పూర్తి చేశారు. అప్పటిదాకా ప్రపంచంలో అత్యుత్తమ సమయం 6 నిమిషాల 14.27 సెకన్లు. 2002లో సెవిల్‌లో బ్రిటన్ జోడీ పిన్సెంట్, క్రాక్నెల్ సాధించిన ఆ సమయం పదేళ్లు చెక్కుచెదరలేదు. సెకనులో పదో వంతు తగ్గితే పండగ చేసుకునే ఆటలో వీళ్లు దాదాపు ఆరు సెకన్లు తగ్గించేశారు, అదీ పతకం కూడా లేని ఒక హీట్‌లో.

2009లో జోడీ కట్టిన నాటి నుంచి 2016 రియో దాకా ఈ ఇద్దరూ వరసగా 69 పందేలు గెలిచారు. ఆరు ప్రపంచ చాంపియన్‌షిప్‌లు, రెండు ఒలింపిక్ స్వర్ణాలు అందులోనివే. దీని వెనక రాక్షస బలం ఉందని అనుకోవడం తేలిక. బలం ఉన్న మాట నిజమే. కానీ 2008 బీజింగ్‌లో నలుగురు రోవర్ల పడవలో ఇదే ఇద్దరూ, ఇదే బలంతో, ఫైనల్‌కు కూడా చేరలేకపోయారు. అంతకు ముందు ఏడాది అదే విభాగంలో వాళ్లు ప్రపంచ చాంపియన్లు! కాబట్టి కండలను పక్కన పెట్టి వాళ్ల పనితనం వైపు చూద్దాం.

ముందు ఆ పడవ సంగతి. కేరళ పడవ పందేల్లో తెడ్లు వేసేవాళ్లు వెళ్లే దిక్కుకే ముఖం పెట్టి కూర్చుంటారు. రోయింగ్‌లో రోవర్ గమ్యానికి వీపు పెట్టి కూర్చుంటాడు. కింద సీటు చక్రాల మీద ముందుకూ వెనక్కూ జారుతుంది. పాదాలు బూట్లలో బిగించి ఉంటాయి. ఇద్దరి పడవ సుమారు పది మీటర్ల పొడవుంటుంది, వెడల్పు మనిషి కూర్చోవడానికి సరిపోయేంతే. నిబంధనల ప్రకారం దాని బరువు 27 కిలోలు ఉంటే చాలు. అందులో ఎక్కే ఇద్దరి బరువు కలిపితే నూట ఎనభై కిలోలు దాటుతుంది. ఒక్కొక్కరికి ఒకే తెడ్డు, ఒకరిది కుడి పక్క, ఇంకొకరిది ఎడమ పక్క. చుక్కాని తాడు ఒకరి బూటుకు కట్టి ఉంటుంది.

రోయింగ్‌లో అన్నిటికన్నా కష్టమైన పడవ ఇదేనని అనుభవం ఉన్నవాళ్లు చెబుతారు. దానికి గట్టి కారణం ఉంది. ఇద్దరూ పక్కపక్కన కాక ఒకరి వెనక ఒకరు కూర్చుంటారు గనుక, సరిగ్గా ఒకే బలంతో ఒకే తీరులో లాగినా పడవ తిన్నగా పోదు. తెడ్డు నీళ్లలో దిగిన క్షణంలో అది పడవను ముందుకు తోయడంతో పాటు కొంచెం లోపలికి కూడా నొక్కుతుంది. ముక్కు వైపు కూర్చున్నవాడి నొక్కుడు అప్పుడు పడవ ముక్కును పక్కకు తిప్పేస్తుంది. లాగుడు చివరికొచ్చేసరికి ఇదంతా తిరగబడి ముక్కు రెండో పక్కకు తిరుగుతుంది. ఫలితంగా ప్రతి స్ట్రోకులోనూ పడవ పాములా మెలికలు పోతుంది. తిన్నగా పోవాలంటే వెనక కొస వైపు కూర్చున్నవాడు ఆరంభంలో కాస్త ఎక్కువ, ముక్కు వైపువాడు ముగింపులో కాస్త ఎక్కువ బలం పెట్టాలి. బయటి నుంచి చూస్తే ఒకే మనిషి నీడలా కనిపించే ఇద్దరు, లోపల రెండు వేర్వేరు పనులు చేస్తుంటారన్నమాట. మరే ఎత్తు 1.95 మీటర్లు, బాండ్ అంతకన్నా కొంచెం పొట్టి. శరీరాలు వేరు, లాగే తీరు వేరు. ఆ తేడాలను చెరిపేయకుండా పడవ తిన్నగా పోయేలా సర్దుకోవడమే వాళ్ల నైపుణ్యం.

ఇక స్ట్రోకు. మోకాళ్లు ముడుచుకుని ముందుకు వంగి, తెడ్డు రెక్కను నీళ్లలో దించడం క్యాచ్. కాళ్లతో తోస్తూ, తర్వాత నడుము, ఆఖరున చేతులు కలుపుతూ లాగడం డ్రైవ్. రెక్కను శుభ్రంగా పైకి తీయడం ఫినిష్. మళ్లీ ముందుకు జారుతూ తర్వాతి స్ట్రోకుకు సిద్ధమవడం రికవరీ. కొత్తవాళ్ల దృష్టంతా లాగడం మీదే ఉంటుంది. మరే, బాండ్‌ల వీడియో చూసేటప్పుడు నా కన్ను రికవరీ మీద నిలిచిపోతుంది. లాగేటప్పుడున్న తీవ్రతంతా ఎటో పోయినట్టు చేతులు మెత్తగా ముందుకు వెళ్తాయి. నడుము వంగుతుంది, ఆ తర్వాతే సీటు కదులుతుంది. తొందర కనిపించదు.

ఈ నిదానం అందం కోసం కాదు. ఇందులో లెక్క ఉంది. నూట ఎనభై కిలోల మనుషులు పడవ మీద ఒక దిక్కుకు జారితే, తేలికైన పడవ రెండో దిక్కుకు పరిగెడుతుంది. అందుకే పడవ వేగం అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది రోవర్లు లాగుతున్నప్పుడు కాదు, రికవరీలో. అతి తక్కువగా ఉండేది క్యాచ్ పడిన వెంటనే, వాళ్ల బరువంతా పాదాల మీద ఆగినప్పుడు. సీటు హడావుడిగా దూసుకొచ్చి ఠక్కున ఆగితే పడవకు బ్రేకు వేసినట్టే. నీటి నిరోధం వేగం కన్నా ఎక్కువ రేటున పెరుగుతుంది గనుక, ఎగుడుదిగుడు వేగం మీద వెచ్చించే శక్తి వృథా. సమంగా సాగే పడవకు అదే శక్తితో ఎక్కువ దూరం దక్కుతుంది. వాళ్లు మిగతా జోడీల కన్నా బలంగా లాగడం ఒక ఎత్తు, లాగనప్పుడు పడవను ఆపకుండా ఉండడం ఇంకొక ఎత్తు. నన్నడిగితే రెండోదే గొప్పది.

ఇంత స్థిరమైన స్ట్రోకు న్యూజిలాండ్‌లోని కరాపిరో సరస్సు మీద తయారైంది. వైకాటో నది మీద 1947లో పూర్తయిన జలవిద్యుత్ ఆనకట్ట వెనక నిలిచిన నీరది. కోచ్ డిక్ టాంక్స్. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో నలుగురి పడవలో తనూ రజతం గెలిచినవాడు. సిడ్నీలో రాబ్ వాడెల్‌ను, ఏథెన్స్‌లోనూ బీజింగ్‌లోనూ ఎవర్స్-స్విండెల్ కవలలను స్వర్ణాల దాకా నడిపించినవాడు. ఆయన పద్ధతిని ఒక్క మాటలో చెప్పాలంటే కిలోమీటర్లు. పందెంలో నిమిషానికి ముప్పై ఆరు, ముప్పై ఎనిమిది స్ట్రోకులు వేసేవాళ్లు సాధనలో ఎక్కువ భాగం పద్దెనిమిది, ఇరవై స్ట్రోకులతో గంటలకొద్దీ సాగుతారు. సంగీతం నేర్చుకునేవాళ్లు సరళీ స్వరాలు మొదటి కాలంలో స్థిరపడ్డాకే మూడో కాలానికి వెళ్తారు. ఇదీ అంతే. పద్దెనిమిది స్ట్రోకుల దగ్గర రెక్క వంకరగా దిగేవాడికి ముప్పై ఎనిమిది దగ్గర దాన్ని సరిచేసుకునే వ్యవధి ఉండదు.

శరీరం వైపు నుంచి చూసినా ఇది సరైన దారే. ఆరేడు నిమిషాల పందెంలో ఖర్చయ్యే శక్తిలో నాలుగింట మూడు వంతుల దాకా ఆక్సిజన్ ద్వారానే రావాలి. ఆ సామర్థ్యం నెలల తరబడి చేసే తేలికపాటి సుదీర్ఘ సాధనతో పెరుగుతుంది. గుండె ప్రతి దెబ్బకూ ఎక్కువ రక్తం తోడుతుంది, కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి. నార్వే అంతర్జాతీయ రోవర్ల శిక్షణ 1970 నుంచి 2001 వరకు ఎలా మారిందో పరిశీలించిన ఒక అధ్యయనం ఉంది. ఆ మూడు దశాబ్దాల్లో తేలికపాటి సాధన నెలకు 30 గంటల నుంచి 50 గంటలకు పెరిగింది. పందెపు వేగంతోనూ అంతకు మించిన వేగంతోనూ చేసేది 23 గంటల నుంచి ఏడింటికి తగ్గింది. రోవర్లు మాత్రం ముందుకన్నా దిట్టమయ్యారు. తీవ్రమైన సాధన అక్కర్లేదని దీని అర్థం కాదు. వారంలో ఒకటి రెండుసార్లు ఊపిరి తిరగనివ్వని ఇంటర్వెల్స్ ఉండాల్సిందే. ఆ రోజున పూర్తిగా ఇవ్వాలంటే మిగతా రోజుల్లో దాచుకోవడం తెలియాలి.

ఆ మధ్యలో టెక్నిక్ పని. రెక్కను అడ్డంగా తిప్పకుండా నిలువుగానే ఉంచి తెడ్డు వేయడం ఒకటి. చేతులు ఏమాత్రం తడబడినా రెక్క నీళ్లను తాకి తప్పు బయటపడుతుంది. ఫినిష్ అయ్యాక ఒక క్షణం ఆగి ముందుకు జారడం మరొకటి. ఇద్దరి సమతూకం అక్కడ తేలిపోతుంది. బూట్ల నుంచి పాదాలు బయటికి తీసి లాగడం ఇంకొకటి. ఫినిష్‌లో వెనక్కి అతిగా వాలేవాడు ఇందులో వెంటనే దొరికిపోతాడు. వేటికీ పెద్ద పరికరాలు అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు.

విశ్రాంతి గురించి ఎవరూ పెద్దగా రాయరు. రోవర్లను ఎక్కువగా బాధించేవి నడుం నొప్పి, పక్కటెముకల్లో సన్నటి పగుళ్లు. అవి చాలావరకు ఒకే కదలికను అలసిన శరీరంతో వేలసార్లు చేయడం వల్ల వచ్చేవే. అలసిన రోవర్ లాగడం మానడు, వంకరగా లాగుతాడు. ఆ వంకర అలవాటుగా మారితే దాన్ని పోగొట్టడానికి మళ్లీ నెలలు పడుతుంది. అందుకని విశ్రాంతి రోజు శరీరంతో పాటు స్ట్రోకును కూడా కాపాడుతుంది. మంచి నిద్ర, కడుపునిండా అన్నం, పొద్దున లేవగానే నాడి చూసుకోవడం ఈ పనిలో భాగాలే.

లండన్ ఫైనల్‌ను వాళ్లు నాలుగు సెకన్లకు పైగా తేడాతో గెలిచారు. ఆ తర్వాత ఆస్ట్రేలియాకు చెందిన నోయెల్ డొనాల్డ్‌సన్ వాళ్ల కోచ్ అయ్యాడు. 2014లో ఆమ్‌స్టర్‌డామ్‌లో తమ విభాగంలో గెలవడంతో పాటు, దారి చూపే మనిషిని (కాక్స్‌ను) ఎక్కించుకునే ఇద్దరి పడవ విభాగంలోనూ ప్రపంచ అత్యుత్తమ సమయంతో గెలిచారు. రియోలో గాలికి నీళ్లు ఎగిసిపడుతుంటే 6 నిమిషాల 59.71 సెకన్లు పట్టింది. లండన్ హీట్ కన్నా యాభై ఒక్క సెకన్లు ఎక్కువ, అయినా స్వర్ణమే. బాండ్ ఆ తర్వాత సైక్లింగ్‌కు వెళ్లి, 2018 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం తెచ్చి, మళ్లీ పడవెక్కి టోక్యోలో ఎనిమిది మంది పడవలో స్వర్ణం గెలిచాడు.

మన దేశానికి ఆసియా క్రీడల్లో తొలి రోయింగ్ స్వర్ణం 2010లో గ్వాంగ్‌ఝౌలో బజరంగ్‌లాల్ తాఖర్ తెచ్చాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌కు మన నుంచి వెళ్లిన రోవర్ బల్‌రాజ్ పన్వర్ ఒక్కడే. ఈ ఆట మనకు అందని దూరంలో ఏమీ లేదు, హైదరాబాద్ నడిబొడ్డున హుస్సేన్‌సాగర్ మీదే జరుగుతోంది. తెల్లవారుజామున ఆ దారిన వెళ్లేవాళ్లు ఒక్కసారి ఆగి చూడండి. పడవలోని మనుషుల కన్నా వెనక నీళ్ల మీద తెడ్లు వదిలిన సుడులను గమనించండి. ఒక స్ట్రోకు సుడికీ తర్వాతి స్ట్రోకు సుడికీ మధ్య ఎడం ఎంత ఎక్కువగా ఉంటే పడవ అంత బాగా సాగుతున్నట్టు. మీ పిల్లలు అక్కడ నేర్చుకుంటూ ఉండి, వాళ్లు చాలా నెమ్మదిగా తెడ్డు వేస్తూ కనిపిస్తే కోచ్‌తో గొడవ పెట్టుకోకండి. వాళ్లకు సరైన శిక్షణే అందుతోంది.